పొగగొట్టం కనిపించే కిటికీ

కొరియా, పేరు రాయకూడని ఊరు
డిసెంబరు

ఫుంగ్ అక్కకి,

నీ ఉత్తరం అందింది. "చదువుకున్న పిల్ల కదా, పొగరు. ఎక్కడా కుదురుగా కూర్చోదు" అని నాన్న అన్నాడని రాశావు. ఒకే మాత్రని అన్ని రోగాలకీ ఇచ్చే ఊరి వైద్యుడిలా నాన్న దగ్గర నా గురించి ఒకే మాట ఉంది. కాన్ థో పట్నంలో కొరియన్ భాష చదువుతానంటే అదే అన్నాడు. ట్యూషన్ సెంటర్ మానేసి పెళ్ళిచూపుల్లో దుబాసీగా చేరితే అదే అన్నాడు. ఇప్పుడు మొగుడి ఇల్లు వదిలి వచ్చినా అదే. నేనేం చేశానో చూడకుండా నేనెలాంటిదాన్నో చెప్పడం మన ఇంట్లో అందరికీ వచ్చు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు, నువ్వే ఎంచుకున్నావు" అని కూడా రాశావు. నిజమే. పెళ్ళిచూపుల గదిలో వేరే అమ్మాయికి దుబాసీగా కూర్చున్నాను. కొరియా నుంచి వచ్చిన మగవాళ్ళందరూ వయసు, బరువు, పిల్లలు కనగలదా అని అడిగేవాళ్ళు. గ్వాంగ్‌సిక్ ఒక్కడే "మీకు తినడానికి ఏం నచ్చదు?" అని అడిగాడు. ఆ ప్రశ్నని వియత్నామీస్‌లోకి మారుస్తూ నా జవాబు నేను ఆలోచించుకున్నాను. ఆ అమ్మాయి వద్దంది. నేను ఊఁ అన్నాను. అంతే నా పెళ్ళి కథ.

ఇప్పుడు అసలు సంగతి. నీకు మాత్రమే రాస్తున్నాను. మా అత్తగారి ఊరు హెనామ్‌లో చలికాలానికి ముందు ఊరి ఆడవాళ్ళంతా చేరి కిమ్చి, అదే క్యాబేజీ కారప్పచ్చడి, పెడతారు. ఇంటింటికీ గుట్టలు గుట్టలుగా క్యాబేజీ. పక్కింటామెతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడాను. అంతే. నా కొరియన్ బాగుండటం గ్వాంగ్‌సిక్‌కి మొదటినుంచీ పడదు. భాష వచ్చిన పెళ్ళాం బయట ఏం చెబుతుందోనని భయం. అందరూ భోజనాలకి వెళ్ళాక వచ్చి, నా తల పట్టుకుని క్యాబేజీ ఊరేసిన ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచాడు. లేపాడు. మళ్ళీ ముంచాడు. కళ్ళు మండిపోయి గుడ్డిదాన్నైపోయాననుకున్నాను. అత్త చూసింది. చూసి, తలుపు దగ్గరికేసింది. ఆస్పత్రిలో డాక్టరు నన్నడిగితే అత్తే జవాబు చెప్పింది: "కారం చేత్తో కళ్ళు నులుముకుంది బాబూ, వాళ్ళ దేశంలో ఇవన్నీ తెలీవు కదా!" ఊరంతా నవ్వింది. అదే కాగితం మీదకి ఎక్కింది.

అది మొదటిసారి కాదు. ఫోన్లో నవ్వుతూ కనిపించేదాన్ని అంటావా? ఫోను పట్టుకుని నాకెదురుగా కూర్చునేది అత్త.

ఇక్కడ నాలాంటి ఆడవాళ్ళం కొందరం ఒక ఇంట్లో ఉంటున్నాం. ఫోన్లు ఉండకూడదు, వాటిని పట్టుకుని వెతుక్కుంటూ వస్తారని. ఉత్తరాలు కూడా ఈ ఇల్లు నడిపేవాళ్ళ సియోల్ ఆఫీసు నుంచే వెళతాయి, పోస్టు ముద్ర చూసి ఎవరూ కనిపెట్టకుండా. ఊరి పేరు రాయకూడదు. రాయను. కానీ అక్కా, నా కిటికీ గురించి రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఎదురుగా వేడినీళ్ళ స్నానశాల పొగగొట్టం, దానికి నడుముకి పట్టీ కట్టినట్టు ఎర్ర గీత. మేడల మీద చీల్చిన పదికాళ్ళ కణవ చేపల్ని బనీన్లు ఆరేసినట్టు ఆరేస్తారు. రైలు పట్టాలు మా సందు చివర గడ్డిలోకి వెళ్ళి ఆగిపోతాయి; ఇక ముందుకి ఊరు లేదు, సముద్రమే. మంచు పట్టినప్పుడు ఓడలకి దారి చూపే దీపస్తంభం బూర, జలుబు చేసిన ఎద్దులా మూలుగుతుంది. ఆదివారం అందరం స్నానశాలకి వెళతాం. అక్కడ ఒళ్ళు రుద్దే ఆవిడ నా వీపు మీది గుర్తులు చూసి కాస్త మెల్లగా రుద్దింది. ఈ దేశంలో నన్నెవరూ అంత సరిగ్గా ముట్టుకోలేదు.

నీ చెల్లెలు
దియెమ్


వుంగ్ లియెమ్, విన్ లాంగ్
జనవరి

ఒసే దియెమ్,

ఎన్ని మాటలు నేర్చావే! నాన్న నిన్నేదో అన్నాడని మూతి ముడుచుకున్నావుగానీ, నువ్వు నాన్ననన్నవి లెక్కేస్తే నాన్నే ఓడిపోతాడు.

తొట్టి సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. నిజం. చేపలు మాగబెట్టే జాడీల దగ్గర కూర్చుని చదివాను, ఉప్పు వాసనకే నాకు నీ మొహం గుర్తొచ్చింది. నాన్నకి చెప్పలేదు. "ఏదో గొడవపడ్డారు" అన్నాను. చెబితే ఏం చేస్తాడు? కాసేపు బీడీ కాలుస్తాడు, తర్వాత "నోరు జారి ఉంటుంది" అంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి.

కానీ పిల్లా, ఒక్కమాట. ఒకే బుట్టలో పెట్టిన గిన్నెలు చప్పుడు చెయ్యకుండా ఉంటాయా? మీ బావ మాత్రం దేవుడా? తాగొచ్చిన రోజు నేను జాడీల వెనక్కి వెళ్ళి కూర్చుంటాను, తెల్లారితే ఆయనకే గుర్తుండదు. ఆడది ఇల్లు వదిలిందంటే తిరిగి అడుగుపెట్టడానికి గుమ్మం చిన్నదైపోతుంది. కొరియా సంబంధాలు తెచ్చే పెళ్ళిళ్ళ పేరమ్మ తు అత్త మొన్న సంతలో అందరిముందూ అంది: "మీ చెల్లెలు కాగితాల కోసమే చేసుకుందంట కదే!" నేను చేపల నీళ్ళు ఆవిడ చెప్పుల మీద పోశాను, పొరపాటున పోసినట్టు.

అవునూ, ఆ కాగితాలేంటి? అతన్ని వదిలేస్తే నిన్ను ఉండనివ్వరని తు అత్త అంటోంది. మరి ఏ ధైర్యంతో కూర్చున్నావు అక్కడ? ఉంటే మొగుడితో ఉండు, లేకపోతే ఇంటికి రా. మధ్యలో వేలాడ్డమేంటి?

టెట్ కొత్త సంవత్సరం పండుగ అవగానే నానమ్మ తద్దినం. బాతుకూర చేస్తున్నాం. నువ్వు లేకుండా ఇది మూడోది.

నీ అక్క
ఫుంగ్

నా చేతికి కట్టు కట్టారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. కట్టు విప్పేశారు. సైకిలు మీంచి పడితే మరేమవుతుంది.


కొరియా, అదే ఊరు
ఫిబ్రవరి

అక్కా,

తు అత్త చెప్పుల సంగతి ఇక్కడందరికీ చెప్పాను. మంగోలియా నుంచి వచ్చిన అమ్మాయి పడీపడీ నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినిపించిందంటే నీ చలవే.

మధ్యలో వేలాడ్డమేంటన్నావు. బాగా అడిగావు. మా కేసులు చూసే గుక్ టీచర్ (ఇక్కడ అలాగే పిలుస్తాం) గీతలు గీసి మరీ చెప్పింది, నీకూ అలాగే చెబుతాను.

నేనీ దేశంలో ఉండేది అతని పెళ్ళాంగా. గడువు ముగిసినప్పుడల్లా అతను పక్కన నిలబడి "అవును, నా భార్యే" అంటే పొడిగిస్తారు. అతను ఇంట్లో కోపంగా ఉన్నప్పుడల్లా అనేవాడు: "ఈసారి రాను ఆఫీసుకి. అప్పుడు చూద్దాం నీ భాష ఎంత పనికొస్తుందో." ఇప్పుడు పోలీసుల దగ్గర, పెళ్ళాం పారిపోయిందని రాయించాడు. కాబట్టి తిరిగి వెళ్ళడం మొదటి దారి. వెళితే చెల్లుబాటవుతాను. బతుకుతానో లేదో వేరే సంగతి.

ఇద్దరం ఒప్పుకుని విడిపోవడం రెండో దారి. సంతకం పెడితే త్వరగా అయిపోతుంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. అందులోనే ఉంది కిటుకు. ఎవరి తప్పూ లేకుండా పెళ్ళి అయిపోతే ఇక నేనిక్కడ ఎవర్ని? మూటాముల్లే సర్దుకోవాలి. మా ఇంట్లో ఉండి వెళ్ళిన ఫిలిప్పీన్స్ అమ్మాయి గొడవెందుకులే అని అలాగే సంతకం పెట్టింది. గొడవ లేకుండానే పంపేశారు.

మూడోది కోర్టు. పెళ్ళి పాడైంది అతని వల్లే అని జడ్జి తీర్పులో రాయాలి. అప్పుడు నేను ఎవరి పెళ్ళాన్నీ కాకుండా, నా పేరు మీద నేను ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. కేసు నడిచినంత కాలం కూడా ఉండనిస్తారు. అందుకే కూర్చున్నాను, పొగరుతో కాదు.

చిక్కల్లా సాక్ష్యం. ఆస్పత్రి కాగితంలో కారం అని ఉంది. అత్త చూసింది, చెప్పదు. పక్కింటామె మంచిదే, కానీ రేపు క్యాబేజీ కోతకి వాళ్ళకి గ్వాంగ్‌సిక్ లారీయే కావాలి. "ఎవరైనా చూసినవాళ్ళు? ఒక్కళ్ళు?" అని గుక్ టీచర్ అడుగుతూనే ఉంది. అతను నన్ను బయటివాళ్ళెవరూ లేనప్పుడే కొట్టాడక్కా. ఆ విషయంలో చాలా జాగ్రత్త మనిషి.

నానమ్మకి నా తరఫున ఒక అగరొత్తి వెలిగించు. బాతుకూరలో అల్లం ఎక్కువ వెయ్యి, ఆవిడకి అదే ఇష్టం.

దియెమ్


వుంగ్ లియెమ్
మార్చి

బంగారు తల్లీ,

తద్దినం బాగా జరిగింది. బాతులు బాగా కుదిరాయి. నీ తరఫున మూడు అగరొత్తులు పెట్టాను, ఒకటి కాదు. బాబాయిలు, పిన్నులు అందరూ వచ్చారు. నిన్నందరూ తలుచుకున్నారు. భోజనాలయ్యాక అలవాటే కదా, దూరాన ఉన్నవాళ్ళ ఉత్తరాలు చదివించుకోవడం. నాన్న చదవమంటే నీది చదివాను. భయపడకు, ఇంటి గుట్టు ఏదీ చదవలేదు. నీ కిటికీ గురించి రాసినవి మాత్రమే చదివాను. "ఎంత బాగా రాస్తుందే!" అన్నారు. ఎద్దుకి జలుబు అనగానే పిన్ని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు.

అందరూ నీ మంచే కోరుతున్నారు. ఎవరేం చేసినా నీ మంచికే అనుకో. చలికి జాగ్రత్త.

అక్క


కొరియా
ఏప్రిల్

ఫుంగ్ అక్కకి,

తద్దినానికి ఎవరొచ్చారు?

బాబాయిలు, పిన్నులు అని రాశావు. "బంగారు తల్లీ" అని కూడా రాశావు. నేను పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్నెప్పుడూ అలా పిలవలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

పోయిన ఆదివారం స్నానశాలలోంచి తడి జుట్టుతో బయటికొచ్చాం. సందులో క్యాబేజీ లారీ ఆగి ఉంది. లారీలన్నీ ఒకలాగే ఉంటాయి అనుకున్నాను. తలుపు తెరుచుకుంది. గ్వాంగ్‌సిక్ దిగాడు. ఇస్త్రీ చొక్కా.

"దియెమ్, ఎంత వెతికించావు!" అన్నాడు, బళ్ళో తప్పిపోయిన పిల్లని చూసినట్టు. "ఎర్ర గీత పొగగొట్టం ఈ తీరమంతా ఎన్ని ఉన్నాయో తెలుసా? కానీ రైలు ఆగిపోయే ఊరు, ఆరేసిన కణవలు, దీపస్తంభం అన్నీ ఒకేచోట ఉండాలిగా. నేను క్యాబేజీ వెయ్యని మార్కెట్టు లేదు ఇక్కడ."

అక్కా, అవి నా మాటలు. అతని నోట్లో ఉన్నాయి. వరస కూడా నేను రాసిన వరసే.

నేను వెనక్కి అడుగేశాను. దగ్గరికొచ్చి తడిజుట్టు చేతికి చుట్టుకున్నాడు. గొంతు మాత్రం తేనె. "పద ఇంటికి. ఇవాళ ఏం తినాలనుంది? నీకు నచ్చనిది ఏదీ చెయ్యొద్దంటాను అమ్మతో." అంటూనే లారీ దాకా ఈడ్చాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. నేను అరిచాను, కొరియన్‌లో కాదు, మన భాషలో. ఇన్నేళ్ళు చదివిన చదువు ఆ క్షణంలో ఎటు పోయిందో.

ఒళ్ళు రుద్దే ఆవిడ లోపలి బట్టల మీదే బయటికి పరుగెత్తుకొచ్చింది, చేతిలో చెంబు. సగం నీళ్ళు అతని మొహాన కొట్టింది.

"ఆడాళ్ళ స్నానశాల ముందు నీకేం పనిరా, దొంగసచ్చినోడా! వదులు జుట్టు!"

"నా పెళ్ళాం ఇది. మా ఇంటి సంగతి, మీకెందుకమ్మా?"

"ఇంటి సంగతైతే ఇంట్లో చూసుకోవాల్సింది! ఇప్పుడు నా గుమ్మంలో పడింది, నా సంగతే!" అని చెంబుతో చేతిమీద కొట్టింది. లోపలున్నవాళ్ళందరూ తువ్వాళ్ళతో బయటికొచ్చారు. పోలీసులొచ్చేసరికి అతను మళ్ళీ మర్యాదస్తుడైపోయాడు, పడిపోతుంటే పట్టుకున్నానన్నాడు. ఆవిడ నవ్వింది. "జుట్టు పట్టుకునా? పొద్దుట్నుంచీ వీపులే చూస్తాను బాబూ. చలికాలం మొదట్లో ఈ పిల్ల వీపు కూడా చూశాను. ఎక్కడైనా చెబుతాను."

ఆ ఇల్లు ఖాళీ చేశాం. నేనొక్కదాన్నే కాదు, అందరూ. అడ్రసు తెలిసిపోయాక ఎవర్నీ ఉంచరు. మంగోలియా అమ్మాయి కూతురికి ఆ ఊరి బళ్ళో ఒక స్నేహితురాలు దొరికింది, ఆ స్నేహితురాలికి చెప్పకుండానే పిల్లని తీసుకొచ్చేశారు. ఆ తల్లి నన్నేమీ అనలేదు. నాతో మాట్లాడటం మాత్రం మానేసింది.

మళ్ళీ అడుగుతున్నాను. తద్దినానికి ఎవరొచ్చారు? ఎవరు నా ఉత్తరాన్ని కొరియన్‌లో చెప్పారు?

దియెమ్


వుంగ్ లియెమ్
మే

దియెమ్,

అడిగావుగా, విను. నీ మొగుడు వచ్చాడు. తు అత్త వెంటబెట్టుకుని వచ్చింది. తద్దినం రోజు వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టడం మన ఇంటా వంటా ఉందా? వాళ్ళ ఊరి చిలగడదుంపలు తెచ్చి నానమ్మ పటం ముందు పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. నిజం ఏడుపే, ముక్కు కారింది. నాన్న భుజం మీద చెయ్యేశాడు. "అల్లుడు కూడా వినాలి, పిల్ల క్షేమంగా ఉందని. చదవవే" అన్నాడు. అంతమందిలో చదవనని ఎలా అనను?

తొట్టి సంగతి వదిలేశాను. ఆస్పత్రి వదిలేశాను. అవి చదివితే నీ పరువు, నాన్న పరువు, అల్లుడి పరువు అన్నీ ఒకేసారి పోతాయని. ఏమీ కానిది చదివాను అనుకున్నాను. పొగగొట్టం, ఆరేసిన చేపలు! అందులో ఏముందే? తు అత్త ఒక్కో వాక్యం అతనికి చెబుతూ పోయింది. అతను తల ఊపుతూ విన్నాడు. "ఆదివారాలు స్నానానికి వెళ్తుందా, మంచిదే" అన్నాడు. నేనప్పుడు కూడా, ఎంత ప్రేమ అనుకున్నాను. నన్ను తిట్టుకో. నీకంటే ముందే నన్ను నేను తిట్టుకున్నాను.

ఒకటి మాత్రం అంటాను. అతను రాబట్టేగా నీకు సాక్షి దొరికింది? నేను చదవబట్టేగా? దేవుడు వంకరచేత్తో ఇచ్చాడనుకో.

ఇప్పుడు నాన్న మాట. నువ్వు కోర్టుకెక్కితే తనని జైల్లో పెడతారేమోనని అతను భయపడుతున్నాడు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడదాం, పారిపోయిందన్న రిపోర్టు తీసేస్తానని తు అత్తతో చెప్పించాడు. నాన్న అంటున్నాడు: "సంతకం పెట్టి వచ్చెయ్యమను. విమానాశ్రయానికి నేనే వెళతాను. ఎవరూ ఏమీ అడగరు." ముసలాడు గడ్డం గీసుకుని మరీ చెప్పాడు. రావే.

రానంటావని తెలుసు. అందుకే ఇంకోటి కూడా రాస్తున్నాను, ఎవరికీ చెప్పనిది. నేను సైకిలు మీంచి పడలేదు. మీ బావ జాడీ మూతతో కొట్టాడు. ఎముక చిట్లింది. డాక్టరుకి సైకిలని నేనే చెప్పాను, నా తరఫున చెప్పడానికి నాకు అత్త కూడా లేదు. నీ మూడు దారులు చదివి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు. కోపం నీ మీద. నిన్ను కొడితే జడ్జి తీర్పు రాస్తాడు, కాగితం ఇస్తారు, నీ పేరు మీద నిన్ను బతకనిస్తారు. నన్ను కొడితే? నేను పుట్టిన దేశంలోనే ఉన్నాను కాబట్టి నన్నెక్కడికీ పంపరు, ఎక్కడా ఉండనివ్వరు కూడా. ఊరి రాజీ సంఘంవాళ్ళు ఇద్దర్నీ కూర్చోబెట్టి టీ పోసి ఇంటికి పంపారు. అతని ఇంటికే.

నీకొక్కదానికే దారులెందుకు ఉండాలే?

ఫుంగ్


కొరియా
జూన్

అక్కా,

నీ చెయ్యి సంగతి చదివాను. నువ్వు సైకిలు తొక్కడం ఎప్పుడు నేర్చుకున్నావని చలికాలమే అడగాల్సింది. ఎదురుగా ఉన్న పొగగొట్టం చూశానుగానీ నీ ఉత్తరం చివర్న ఉన్న ఆ ఒక్క ముక్క చూడలేదు.

నాకెందుకు దారులుండాలని అడిగావు. ఉండకూడదు. నీకు లేనప్పుడు నాకున్నది న్యాయం కాదు, అదృష్టం. ఆ అదృష్టం కూడా నలుగురి ముందు జుట్టు పట్టి ఈడిస్తే వచ్చింది. నలుగురి కళ్ళ ముందు దెబ్బలు తిననివాళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నారు, వాళ్ళ కేసులు ఎటూ తేలడం లేదు.

నా కాగితం మీద నిన్ను ఇక్కడికి పిలిపించవచ్చా అని గుక్ టీచర్‌ని అడిగాను. కుదరదంది. ఇంకోలా అడిగాను. ఎలా అడిగినా కుదరదంది. నీకు ఆశపెట్టి రాయడం నాకు చాతకాదు.

కానీ వంకరచేతి దేవుడి మాట నేనొప్పుకోను. నువ్వు చదవడం మంచికే అయిందని నాచేత అనిపించుకోవాలని ఉంది నీకు. అనను. స్నానశాల ఆవిడ మంచిది, అది ఆవిడ గొప్ప. నీది కాదు, అతనిదీ కాదు. నా పరువు కాపాడాలని తొట్టిని వదిలేసి కిటికీ చదివావు. తొట్టి చదివి ఉంటే నానమ్మ పటం ముందు ఒక్కళ్ళయినా అతని మొహంలోకి చూసి "నిజమా?" అని అడిగేవాళ్ళేమో. మనింట్లో ఎప్పుడూ ఇంతే. దెబ్బని దాచి, మనిషిని అప్పగిస్తాం.

నాన్నకి చెప్పు. ఆ సంతకం అంటే, ఏమీ జరగలేదని నేను ఒప్పుకోవడం. విమానాశ్రయానికి వస్తానన్నాడు, సంతోషం. నన్ను తీసుకెళ్ళడానికి వస్తానన్న మనిషి, నన్ను కొట్టినవాడి భుజం మీద చెయ్యేసిన మనిషి ఒకరే. రెండు పనులకీ ఒకే చెయ్యి కుదరదు.

కోర్టులో కేసు వేశాం, విచారణ వచ్చే నెల. స్నానశాల ఆవిడ వచ్చి చెబుతానంది, ఈసారి ఒంటినిండా బట్టలు కట్టుకుని మర్యాదగా వస్తానని నవ్వింది; వాళ్ళ మాటలో అది ఇంకా మొరటుగా ఉంటుంది. పక్కింటామెని కూడా పిలిపిస్తున్నారు. దుబాసీ కావాలా అని కోర్టువాళ్ళు అడిగారు. వద్దన్నాను. తొట్టి గురించి వాళ్ళ భాషలోనే నేనే చెబుతాను.

నువ్వు ఇల్లు వదిలిన రోజు సియోల్ ఆఫీసు పెట్టెకి రాయి. రాయడానికి వేరే ఏ కారణమూ వద్దు. వదలకపోయినా నేనేమీ అనను, కానీ ఓర్చుకోమని మాత్రం నాకు మళ్ళీ రాయొద్దు.

కిటికీ ఉంది ఈ ఇంటికి కూడా. బయట ఏముందో రాయను.

సంతకం పెట్టను. కేసు వెనక్కి తీసుకోను. వచ్చే ఏడు నానమ్మ తద్దినానికి రాను. ఇక్కడే ఉంటాను.

దియెమ్